ఆన్‌లైన్ ప్రేమలు, పెళ్లి సంబంధాల పేరుతో మోసాలు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను నెల్లూరులో బ్యాంకు కౌంటర్ వెనక కూర్చుని రిటైరైన మనిషిని. ఒకరోజు మాకు బాగా తెలిసిన టీచరమ్మ ఒకామె వచ్చి, ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు తీరకముందే రద్దు చేసి 3 లక్షలు ఆర్టీజీఎస్ (పెద్ద మొత్తాలు వేరే ఖాతాకి పంపే పద్ధతి) పంపమంది. ఫారంలో ఎవరో డాక్టర్ పేరు రాసింది. అప్పట్లో మనం ఏ పేరు రాసినా ఒకటే, డబ్బు ఖాతా నంబరును బట్టి వెళ్లిపోయేది. నేను సంతకం సరిచూసి పంపేశాను. నెల తిరక్కుండా మళ్లీ వచ్చింది, ఈసారి బంగారం మీద లోనుకి. "ఏందమ్మా, ఇంట్లో ఎవరికైనా బాగాలేదా?" అని అడిగితే కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ డాక్టరు ఆన్‌లైన్‌లో పరిచయమైన మోసగాడని అప్పుడు తెలిసింది. ఆ మాట మొదటిసారే అడగాల్సింది. ఆ తర్వాత బంధువులు, వీధిలోవాళ్లు, వాళ్ల ద్వారా తెలిసినవాళ్లు నన్ను అడిగిన ప్రశ్నలివి.

ఈ మోసం అసలు ఎట్టా మొదలవుతుంది?

డబ్బు మాటతో మాత్రం మొదలుకాదు. ఫేస్‌బుక్‌లో ఫ్రెండ్ రిక్వెస్టో, మ్యాట్రిమోనీ సైటులో "ఇంట్రెస్ట్" వచ్చినట్టు మెసేజో, వాట్సాప్‌లో "సారీ, రాంగ్ నంబర్" అనో వస్తుంది. రెండు మూడు రోజుల్లో "ఇక్కడ వద్దు, వాట్సాప్‌లోకి రండి, టెలిగ్రామ్‌లోకి రండి" అంటారు. ఆ సైటు వాళ్లు పట్టుకుని ప్రొఫైల్ తీసేసినా మీతో మాట మాత్రం తెగకుండా ఉండాలని ఆ తొందర.

ఆ తర్వాత పొద్దున లేవగానే ఒక మెసేజ్, పడుకునే ముందు ఒకటి. మీకు షుగర్ ఉందంటే మాత్ర వేసుకున్నారా అని అడుగుతారు. కన్నబిడ్డలు వారానికోసారి చేసే ఫోను వీళ్లు రోజుకి నాలుగుసార్లు చేస్తారు. వారాలు, ఒక్కోసారి నెలలు ఇదే నడుస్తుంది. డబ్బు అవసరం వచ్చేసరికి అది పరాయివాడి అవసరంలా ఉండదు, మనింటి కష్టంలా ఉంటుంది. యాక్సిడెంటు, ఆపరేషను, ఎయిర్‌పోర్టులో పట్టుకున్నారు, ఖాతా ఫ్రీజైంది, ఏదో ఒకటి.

ఒకప్పుడు వాళ్ల తెలుగుని బట్టే దొరికిపోయేవాళ్లు. "ప్రియమైన నా రాణి, మీ రోజు ఎలా గడిచింది?" అని రాసేవాళ్లు. మన వైపు ఎవరడుగుతారండీ అట్లా? "అన్నం తిన్నావా?" అంటారు. ఇప్పుడు యంత్రాలకి కూడా మంచి తెలుగు వచ్చేసింది, ఆ గుర్తు మీద ఆధారపడకండి.

చదువుకున్నవాళ్లు కూడా ఇట్టాంటి వాటిలో ఎట్టా పడతారు?

చదువుకి దీనికి సంబంధం లేదు. నాకు తెలిసి మోసపోయినవాళ్లలో లెక్కల మాస్టారు ఉన్నారు, మెడికల్ షాపాయన ఉన్నాడు. మొహర్రం రోజుల్లో జరిగే రొట్టెల పండుగకి, నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో కోరికని బట్టి పెళ్లి రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె అని పట్టుకునేవాళ్లలో కూలికి పోయేవాళ్లూ ఉంటారు, ఇంజనీర్లూ ఉంటారు. కోరిక అందరికీ ఒకటే. కాకపోతే ఆ చెరువులో రొట్టె ఇచ్చే మనిషి మీ ఎదురుగా నీళ్లలో నిలబడి ఇస్తాడు, ముఖం కనిపిస్తుంది. ఫోనులో వరమిచ్చేవాడు కనపడడు.

"చెన్నై ఎయిర్‌పోర్టు కస్టమ్స్‌లో మీ గిఫ్ట్ పార్సిల్ ఆగింది, 45 వేలు కట్టండి" అని ఫోను వచ్చింది. నిజమేనా?

కాదు. లండన్ స్నేహితుడు నగలు, ఐఫోను, పౌండ్ల కట్టలు పెట్టి పార్సిల్ పంపాడంటారు. ఫోటో కూడా పెడతారు. తర్వాత "కస్టమ్స్ ఆఫీసర్" ఫోను చేస్తుంది, ఎక్కువసార్లు ఆడమనిషి గొంతే. మొదట డ్యూటీ అంటుంది. అది కట్టాక "స్కానింగ్‌లో డబ్బు కనిపించింది, మనీ లాండరింగ్ (దొంగ డబ్బు చలామణీ) కేసు అవుతుంది, సర్టిఫికెట్‌కి ఇంకో లక్షన్నర" అంటుంది. ఆశతో మొదలైంది కాస్తా భయంలోకి దిగుతుంది. మొదటి విడత ఆశకి కట్టినవాళ్లు రెండో విడత జైలుకి భయపడి కడతారు.

కస్టమ్స్ సుంకం ఎవరో మనిషి పేరున్న సేవింగ్స్ ఖాతాకి గానీ, ఫోన్‌పే నంబరుకి గానీ కట్టేది కాదు. ఆ శాఖ పంపే ఉత్తరాల మీద 2019 నుంచి డిన్ అనే గుర్తింపు నంబరు వేస్తున్నారు. అది అసలుదో కాదో పరోక్ష పన్నుల బోర్డు వెబ్‌సైటులో ఎవరైనా చూసుకోవచ్చు.

ఇవన్నీ గుర్తుండకపోతే ఒక మాట అనండి చాలు: "నెల్లూరు నుంచి చెన్నై మూడు గంటలే కదమ్మా, రేపు పొద్దున రైలుకి నేనే వచ్చి కౌంటర్లో కట్టి తీసుకుంటాను." ఆ తర్వాత అవతలి గొంతు ఎట్లా మారుతుందో వినండి.

డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఒంగోలు వాళ్లే, మా కులమే అన్నాడు. రెండో పెళ్లి సంబంధం. ఎట్టా తేల్చుకోవాలి?

మన పెద్దవాళ్లు చేసిన పనే చేయండి. అటేడు తరాలు ఇటేడు తరాలు చూడకపోయినా, సొంతూరు ఏది, అక్కడ ఎవరింటి వాళ్లు, మేనమామది ఏ ఊరు అని అడగండి. టంగుటూరు అంటే టంగుటూరులో మీకు ఎవరో ఒకరు ఉంటారు, లేకపోతే మీ వాళ్లకి ఉంటారు. అసలు మనిషైతే చిన్న పల్లె పేరు చెప్పడానికి కూడా సంతోషపడతాడు. దొంగ సంబంధం వాడు "చిన్నప్పుడే హైదరాబాదు వెళ్లిపోయాం, అమ్మానాన్నలు లేరు, ఒక్కణ్ణే" అంటాడు. నిజంగా అనాథలు ఉండరా అంటే ఉంటారు, కానీ వాళ్లకీ కాలేజీలో చదువుకున్న స్నేహితులైనా ఉంటారు.

ప్రొఫైల్ ఫోటోని గూగుల్ లెన్స్‌లో పెట్టి వెతకండి. ఆ ముఖం ఇంకో పేరుతో, ఇంకో దేశంలో బయటపడుతుంది చాలాసార్లు. ఏమీ దొరకలేదంటే మంచివాడని కాదు, దొరకలేదని మాత్రమే.

"మ్యాట్రిమోనీ వాళ్లు వెరిఫైడ్ అని టిక్కు పెట్టారు కదా?" అంటారు. 2016 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం మ్యాట్రిమోనీ సైట్లకి మార్గదర్శకాలిచ్చి గుర్తింపు పత్రాలు తీసుకోమంది. పత్రం తీసుకోవడం వేరు, ఆ మనిషి నడతకి పూచీ పడటం వేరు. పూర్వం పెళ్లిళ్ల పేరయ్య కనీసం మన వీధిలో తిరిగేవాడు, సంబంధం చెడితే నిలదీసేందుకు మనిషి ఉండేవాడు.

వీడియో కాల్‌లో చూశాను కదా, ఇంక అనుమానం ఏంది?

ముందే తీసిపెట్టిన వీడియోని కాల్‌లో ఆడించవచ్చు. ఇంకొకరి ముఖాన్ని అప్పటికప్పుడు తగిలించుకుని మాట్లాడే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. ముఖం పూర్తిగా పక్కకి తిప్పమనండి, చెయ్యి ముఖానికి అడ్డంగా ఆడించమనండి, కిటికీ దగ్గరికి నడవమనండి. తొడుక్కున్న ముఖం అప్పుడు చెదిరే అవకాశం ఉంది. చెదరకపోయినా నమ్మేయకండి. మోసం చేసే మనిషి సొంత ముఖంతోనే మాట్లాడవచ్చు కదా. మనిషి కనపడటం ఒకటి, చెప్పిన మాట నిజమవటం ఒకటి.

ఆమె డబ్బు అడగలేదు. తను లాభపడుతున్న ట్రేడింగ్ యాప్ చూపించింది, అంతే. ఇందులో మోసం ఎక్కడుంది?

ఇది అన్నిటికంటే పెద్ద గొయ్యి. కొత్తపట్నం వైపు రొయ్యల చెరువులు చేసే ఒకాయనకి రొయ్యలు పట్టి అమ్మిన డబ్బు చేతికొచ్చిన వారంలో పరిచయమైంది ఒకామె. సింగపూర్‌లో ఉంటానంది. రెండు నెలలు కుశలప్రశ్నలే. మాటల్లో మాటగా "మా మామయ్య చెప్పినట్టు చేస్తే రోజుకి ఇంత వస్తోంది" అని స్క్రీన్‌షాట్ పెట్టింది. ఈయన 20 వేలు పెట్టాడు, యాప్‌లో 26 వేలైంది. తీసుకుంటే నిజంగానే బ్యాంకులో పడింది! అదే ఎర. అప్పుడు 5 లక్షలు పెట్టాడు, తర్వాత మేత కోసం దాచింది కూడా పెట్టాడు. యాప్‌లో అంకె కోటి దాటింది. తీయబోతే "30 శాతం పన్ను ముందు కట్టాలి" అన్నారు.

ఆ 30 శాతం అనే మాట ఉత్తదేం కాదు, మన దేశంలో క్రిప్టో లాభాల మీద 2022 ఏప్రిల్ నుంచి అంతే పన్ను. అందుకే ఆయన నమ్మాడు. కానీ ఆ పన్ను ఆదాయపు పన్ను శాఖకి మనం కట్టేది. మన డబ్బు మనకివ్వడానికి యాప్ వాడికి ముందుగా కట్టే పన్నంటూ ఏదీ లేదు. అసలు ఆ యాప్‌లో వ్యాపారమే జరగదు, వాళ్లు టైపు చేసిన అంకెలే మీకు లాభంగా కనిపిస్తాయి. ప్లేస్టోర్‌లో లేకుండా లింకు పంపి వేయించుకోమంటే అక్కడే ఆగిపోండి. షేర్ల బ్రోకరునని చెప్పుకునేవాడికి సెబీ (షేర్ మార్కెట్‌ని అదుపులో పెట్టే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందో లేదో సెబీ వెబ్‌సైటులో పేరు కొట్టి చూసుకోవచ్చు.

మా వాడు కావలిలో డిగ్రీ. ఎవరో అమ్మాయి వీడియో కాల్ చేసి, రికార్డు చేసి, ఇప్పుడు డబ్బు పంపకపోతే బంధువులందరికీ పంపుతానంటోంది. ఏం చేయాలి?

ముందు పిల్లాణ్ణి ఏమీ అనకండి. ఈ మాట నేను చేతులెత్తి అడుగుతున్నాను. ఇట్లాంటి బెదిరింపులకి ప్రాణాలు తీసుకున్న పిల్లలున్నారు. ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. మనసు చెదిరినట్టుంటే 14416కి చేయండి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

డబ్బు పంపకండి. 2 వేలు పంపితే 20 వేలు అడుగుతారు, ఇచ్చే చెయ్యి అని తెలిసిపోతుంది కాబట్టి. ఆ నంబరు, ప్రొఫైల్, బెదిరింపు మెసేజీలు స్క్రీన్‌షాట్లు తీసి, తర్వాత బ్లాక్ చేయండి. మరునాడు "సీబీఐ నుంచి", "యూట్యూబ్ ఆఫీసు నుంచి" అంటూ ఫోన్లొస్తాయి, అవీ ఆ ముఠావే. ఫోనులో, వీడియో కాల్‌లో అరెస్టు చేయడమనేది చట్టంలో లేదు.

బెదిరించి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద నేరం. ఇక్కడ నేరస్థుడు మీ వాడు కాదు. 18 దాటినవాళ్లు స్టాప్ ఎన్‌సీఐఐ అనే సైటులో ఆ వీడియో గుర్తు నమోదు చేస్తే, అందులో చేరిన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి వాటిలో ఎక్కించకుండా అడ్డుకుంటారు. వీడియో మీ ఫోను దాటి పోదు, దాని నుంచి తీసిన సంకేతం మాత్రమే వెళుతుంది. 18 లోపు పిల్లలకి టేక్ ఇట్ డౌన్ అని వేరే ఉంది.

డబ్బు పంపలేదు గానీ ఆధార్, పాన్ ఫోటోలు పంపేశాను.

ఆధార్ యాప్‌లో గానీ వెబ్‌సైటులో గానీ బయోమెట్రిక్ (వేలిముద్ర, కంటిపాప) లాక్ చేయండి. సంచార్ సాథీ అనే కేంద్ర టెలికాం శాఖ సైటులో మీ పేరు మీద ఎన్ని సిమ్ములున్నాయో కనిపిస్తుంది, మీది కానిదాన్ని అక్కడే చెప్పి తీయించండి. మీ పేరున లోను ఏదైనా పుట్టిందేమో సిబిల్ రిపోర్టులో (మన అప్పుల చిట్టా) చూసుకోండి, ఏడాదికొకటి ఉచితం.

డబ్బు పోయింది. ఇప్పుడు మొదట ఎవరికి ఫోను చేయాలి?

1930, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు. ఇది చదవడం ఆపేసి చేయండి. లైను దొరక్కపోతే మళ్లీ మళ్లీ చేయండి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో నమోదు చేయండి.

తొందర ఎందుకంటే, మీ డబ్బు ఒక ఖాతాలో పడి అక్కడే ఉండదు. అక్కడి నుంచి నాలుగు ఖాతాలకి, వాటి నుంచి పదికి చీలిపోతుంది. చివరికి ఎవరో ఏటీఎంలో తీస్తారు, లేదా క్రిప్టో కొంటారు. 1930కి చెప్పిన వివరాలు బ్యాంకులకి నేరుగా చేరతాయి, దారిలో ఎక్కడ మిగిలి ఉంటే అక్కడ ఆపుతారు. బ్యాంకుల మధ్య డబ్బు పంపే నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, ఆర్టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి రాత్రీ పగలూ నడుస్తున్నాయి. "సోమవారం బ్యాంకు తెరిచాక అడుగుదాం" అనుకుంటే ఆదివారమంతా డబ్బు ప్రయాణం చేస్తూనే ఉంటుంది.

చేతిలో ఏం పెట్టుకోవాలి: ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకి లేదా యూపీఐ ఐడీకి పోయింది, ఎంత, ఏ రోజు ఎన్ని గంటలకి, యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీకి పడే గుర్తింపు నంబరు). యూపీఐకి అది 12 అంకెలు, ఫోన్‌పే, గూగుల్‌పే హిస్టరీలో ఉంటుంది. వాళ్లిచ్చిన ఫిర్యాదు నంబరు మెసేజ్ తుడిచేయకండి. ఛాటింగ్ కూడా తుడిచేయకండి. కోపంతోనో సిగ్గుతోనో మొత్తం డిలీట్ చేసి వచ్చేవాళ్లే ఎక్కువ, సాక్ష్యం వాళ్ల చేతులతోనే పోతుంది.

తర్వాత బ్యాంకుకి, దగ్గర్లోని పోలీసు స్టేషనుకి. "మీది ఈ స్టేషను పరిధి కాదు" అంటే జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో పని లేకుండా ఏ స్టేషనులోనైనా రాసుకునే ఫిర్యాదు) అడగండి, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత చట్టంలో 173వ సెక్షన్ అదే చెబుతోంది. పని కదలకపోతే సోమవారం ఎస్పీ ఆఫీసు గ్రీవెన్స్‌కి అర్జీ పట్టుకెళ్లండి.

బ్యాంకు ఆ డబ్బు తిరిగి ఇస్తుందా?

బ్యాంకులో పనిచేసినవాణ్ణి కాబట్టి దాచకుండా చెబుతాను. మీకు తెలియకుండా ఎవరో మీ ఖాతాలోంచి లాగేస్తే, 3 పని దినాల్లో చెబితే మీ మీద భారం పడకుండా రిజర్వ్ బ్యాంకు 2017లో నియమం పెట్టింది. మీ చేత్తో మీరే పిన్ కొట్టి పంపింది ఆ లెక్కలోకి రావడం కష్టం. దారిలో ఆగిన డబ్బు మాత్రం కోర్టు ఉత్తర్వుతో వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆగినంతే వస్తుంది, పోయినంతా రాదు. లాయరు ఫీజుకి భయపడకండి. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు, 15100కి చేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దారి చూపిస్తుంది.

"పోయిన డబ్బు రాబట్టి పెడతాం, ముందు 10 వేలు ఫీజు" అని ఫోను వస్తే, అది మొదటి ముఠా రెండో కోత.

పంపేముందు బ్యాంకు పరంగా చూసుకోవాల్సింది ఏమైనా ఉందా?

ఉంది. ఖాతా నంబరు కొడితే అసలు ఖాతాదారు పేరు కనిపించే ఏర్పాటు ఆర్టీజీఎస్, నెఫ్ట్‌లకి కూడా 2025 ఏప్రిల్ 1 కల్లా పెట్టమని బ్యాంకులకి రిజర్వ్ బ్యాంకు చెప్పింది. యూపీఐలో ముందునుంచే పేరు వస్తుంది. మీరు ప్రేమిస్తున్నది లండన్ డాక్టర్నైతే, తెర మీద ఏదో ట్రేడర్స్ పేరో, మరో రాష్ట్రం మనిషి పేరో ఎందుకు వస్తోంది? "మా లాయరు ఖాతా", "మా ఏజెంటు" అని జవాబు సిద్ధంగానే ఉంటుంది. ఆ టీచరమ్మ రోజున నాకు ఈ వసతి ఉంటే బాగుండేది.

పోలీసులకి చెబితే ఊరంతా తెలుస్తుందేమో. పరువు?

అందుకే మోసపోయినవాళ్లు తేలు కుట్టిన దొంగల్లా మెదలకుండా ఉంటారు. దొంగ అవతలివాడు, మోసపోయినవాళ్లకెందుకు ఆ బాధ? నేను చూసినంతలో మొదటి దెబ్బకి పోయేది తక్కువ. ఎవరికీ చెప్పుకోలేక, పోయింది రాబట్టుకోవాలని మళ్లీ మళ్లీ పంపింది ఎక్కువ. నగలు కుదువపెట్టి, చీటీ తక్కువకి పాడుకుని, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి పంపినవాళ్లున్నారు.

ఇందాక చెప్పిన సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు పెట్టవచ్చు. మహిళల మీద జరిగే అసభ్య ఫోటోల నేరాలకి అందులో పేరు చెప్పకుండా నమోదు చేసే వీలూ ఉంది. డబ్బు విషయానికి మాత్రం పేరు చెప్పక తప్పదు.

కువైట్‌లో ఉన్న మా తమ్ముడు, ఎప్పుడూ చూడని అమ్మాయికి జీతమంతా పంపుతున్నాడు.

గదిలో ఆరుగురు మగవాళ్లు, శుక్రవారం ఒక్క సెలవు, అక్కడ మన తెలుగులో మాట్లాడే ఆడగొంతు ఎంత తీయగా ఉంటుందో ఇక్కడ కూర్చుని మనం నవ్వలేం. గొంతు మార్చే యాప్‌లున్నాయి, ఆ "అమ్మాయి" మీసాలున్న మనిషే కావచ్చు. వాదించకుండా, "ఆ అమ్మాయి ఊరు చెప్పు, అమ్మా నేనూ వెళ్లి పసుపు కుంకుమ ఇచ్చి వస్తాం" అనండి. ఊరి పేరు రాదు. వచ్చినా ఇంటి గుర్తు రాదు.

మా వాడు బ్యాంకు ఖాతా ఎవరికో 5 వేలకి వాడుకోనిచ్చాడు. తప్పా?

పెద్ద తప్పు. మనం ఇందాకటి నుంచీ చెప్పుకుంటున్న డబ్బు ప్రయాణం చేసేది ఇట్లాంటి పిల్లల ఖాతాల మీదుగానే. ముందుగా ఫ్రీజయ్యేది, వేరే రాష్ట్రం పోలీసుల నోటీసు వచ్చేది వాళ్ల పేరుకే. ఈ రోజే బ్యాంకుకి వెళ్లి రాతపూర్వకంగా చెప్పించండి, ఒక వకీలుని కూడా కలవండి.

ఇంతకీ అవతల ఉండేది ఎవరు?

కొన్నిచోట్ల మనలాంటి ఇళ్ల పిల్లలే. డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకెళ్లి, పాస్‌పోర్టు లాక్కుని, ఈ ఛాటింగులు చేయిస్తారు. కంబోడియాలో 1 లక్ష మంది, మయన్మార్‌లో 1 లక్షా 20 వేల మంది దాకా ఇట్లా బలవంతంగా పనిచేస్తున్నట్టు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023లో చెప్పింది. 2024లో విశాఖ పోలీసులు కంబోడియాకి కుర్రాళ్లని పంపిన ఏజెంట్లని అరెస్టు చేశారు. మీ ఇంట్లో ఎవరికైనా ఆ దేశాల్లో "టైపింగ్ ఉద్యోగం" అని వస్తే, అది కూడా ఈ మోసంలో ఒక ముక్కే.

మా అమ్మకి ఎంత చెప్పినా నమ్మడం లేదు. "ఆయన అట్టాంటి మనిషి కాదు" అంటోంది. ఏం చేయాలి?

"ఈ వయసులో నీకిదేం పని?" అన్న మాట ఒక్కసారి నోరు జారితే, ఆమె ఇక మీకేదీ చెప్పదు. అతనికే చెబుతుంది. ఆమెకి దక్కిన ఆ పలకరింపు దొంగదే కావచ్చు, ఆమె ఒంటరితనం మాత్రం దొంగది కాదు.

బుచ్చిరెడ్డిపాళెం నుంచి ఒక కుర్రాడు ఇదే ప్రశ్నతో నా దగ్గరికి వచ్చాడు. తండ్రి పోయి మూడేళ్లు. తల్లికి లండన్ నుంచి పార్సిల్ వచ్చి చెన్నైలో ఆగిందట, అప్పటికే 60 వేలు కట్టింది. వాదించవద్దని, తోడు వెళ్లమని చెప్పాను. "సరేమ్మా, ఇద్దరం పోయి తెచ్చుకుందాం" అన్నాడు. ఆమె మంచి చీర కట్టుకుని బయల్దేరింది. మీనంబాకంలో చెన్నై ఎయిర్‌పోర్టు కార్గో దగ్గర రసీదు మీదున్న నంబరు చూపిస్తే, కౌంటర్లో అబ్బాయి రెండుసార్లు కొట్టి చూసి, అట్లాంటి పార్సిలే లేదన్నాడు. ఆమె ఇంకోసారి చూడమంది. అతను ఓపిగ్గా మూడోసారీ చూశాడు.

తిరుగు రైల్లో సూళ్లూరుపేట దాటింది, నాయుడుపేట దాటింది, ఆమె మాట్లాడలేదు, కొడుకూ అడగలేదు. గూడూరులో బండి ఆగినప్పుడు టీ తీసుకున్నారు. ఆమె ఫోను కొడుకు చేతిలో పెట్టి, "ఆ 1930కి ఏదో చేయాలన్నావే, చెయ్యి, నేను మాట్లాడతా" అంది.